లెన్సు అదే, ఫోటో వేరే: మన ఇంట్లో ఫిల్ము నుంచి డిజిటల్‌కు

మన బరంపురం ఇంట్లో దాచిన పెళ్లి ఆల్బమ్‌లను తేదీల వరుసలో పేర్చి చూస్తే ఒక తేడా కనబడుతుంది. 1980లు, 90ల నాటి గ్రూపు ఫోటోల్లో వరుసకు ఏడుగురు హాయిగా పట్టేవారు. 2004 తర్వాత జరిగిన రెండు పెళ్లిళ్ల ఫోటోల్లో వరుసకు అయిదుగురే ఉన్నారు. చివర నుంచున్న పెద్దవాళ్ల భుజమో, చీర కొంగో మాత్రమే పడింది. కుటుంబం చిన్నదవలేదు, ఎవరికీ ఎవరితో మాటపట్టింపూ లేదు. కెమెరా మారింది, లెన్సు మారలేదు. అసలు సంగతి అదే.

పెదనాన్నగారి మూడు లెన్సులు

మన పెదనాన్నగారి దగ్గర నికాన్ ఎఫ్‌ఎం2 ఉండేది. 1982లో వచ్చిన మోడల్ అది. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పనిచేస్తుంది. బ్యాటరీ కావలసింది వెలుతురు కొలిచే మీటరుకే. దానికి మూడు లెన్సులు: 28, 50, 135 మిల్లీమీటర్లవి. 28తో పందిరి, జనం, గ్రూపు ఫోటోలు. 50తో తలంబ్రాలు. 135తో దూరంగా నిలబడి పెళ్లికూతురి ముఖం. ఇంట్లో ఏ ఫోటో చూసినా ఏ లెన్సుతో తీశారో ఆయన చెప్పేసేవారు.

మూడింటిలో 28 లేకపోతే మన ఇళ్లలో పని జరగదు. పొడుగ్గా, ఇరుగ్గా ఉండే ఇల్లు. వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం. పన్నెండు అడుగుల దూరం దొరికితే అదే గొప్ప.

ఫ్రేము చిన్నదైతే ఏమవుతుంది

లెన్సు మీద ఉండే అంకె ఒక్కటే చూస్తే ఫోటోలో ఎంత వెడల్పు పడుతుందో తెలీదు. వెనక ఉన్న ఫ్రేము ఎంతదో కూడా చూడాలి. ఫిల్ము ఫ్రేము 36×24 మిల్లీమీటర్లు. 2004లో వచ్చిన నికాన్ డి70 లాంటి కెమెరాల్లో సెన్సార్ సుమారు 24×16 మాత్రమే. అంత పెద్ద సెన్సార్ చెయ్యడం అప్పట్లో చాలా ఖరీదైన పని. కెనాన్ 2002లోనే ఫిల్మంత సెన్సార్‌తో 1డిఎస్ తెచ్చింది గాని, అది మన లాంటి ఇళ్లకు అందే ధర కాదు.

లెక్క ఇలా వస్తుంది. పన్నెండు అడుగుల దూరం నుంచి 28 లెన్సు ఫిల్ము మీద పదిహేను అడుగుల వెడల్పు పట్టేది. అదే లెన్సు డి70 మీద పది అడుగులే పడుతుంది. మనిషికి రెండడుగులు వేసుకోండి. ఏడుగురు కాస్తా అయిదుగురయ్యారు! కెమెరావాళ్లు దీన్నే 1.5 క్రాప్ అంటారు. 28 కాస్తా 42లాగా, 50 కాస్తా 75లాగా, 135 కాస్తా 200లాగా పనిచేస్తాయి. కెనాన్ చిన్న సెన్సార్ కెమెరాల్లో ఇది 1.6.

1936లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లినప్పుడు మనవాళ్లు గడప దాటకుండానే వేరే రాష్ట్రం వాళ్లయిపోయారు కదా. ఈ లెన్సుల సంగతీ ఇంచుమించు అంతే.

పాత లెన్సులకు ఎవరు చోటిచ్చారు

లెన్సును కెమెరాకు బిగించే చోటును మౌంట్ అంటారు. డిజిటల్‌కు మారినప్పుడు ఎవరి పాత లెన్సులు పనికొస్తాయో అదే తేల్చింది. నికాన్ 1959లో ఎఫ్ కెమెరాతో పెట్టిన మౌంట్‌నే డిజిటల్‌లోనూ ఉంచుకుంది. పెంటాక్స్ కూడా 1975 నాటి కె మౌంట్‌ను వదల్లేదు. కెనాన్ మాత్రం 1987లో ఆటోఫోకస్ కోసం పూర్తిగా కొత్త మౌంట్ తెచ్చింది. దాంతో పాత ఎఫ్‌డి లెన్సులున్న వాళ్లు ఇబ్బందిలో పడ్డారు. మినోల్టా 1985లో పెట్టిన ఆటోఫోకస్ మౌంట్ 2006లో సోనీ ఆల్ఫా కెమెరాల్లోకి వచ్చింది.

నికాన్‌లోనూ మెలికలున్నాయి. చేత్తో ఫోకస్ తిప్పే పాత లెన్సు డి70కి బిగుస్తుంది గాని, మీటరు పనిచేయదు. ఒక ఫోటో తీసి, తెర మీద చూసి, వెలుతురు సరిచేసుకోవాలి. 2005లో వచ్చిన డి200లో లెన్సు వివరాలు మనమే ఎక్కించుకుంటే మీటరు కూడా పనిచేస్తుంది. 1977కు ముందు చేసిన లెన్సులతో మాత్రం జాగ్రత్త. వాటి వెనక రింగు చాలా కొత్త బాడీలకు తగిలి దెబ్బతీస్తుంది. తెలిసిన మెకానిక్‌కు చూపించకుండా బిగించకండి.

ఏవి ఉంచాలి, ఏవి కొనాలి

రెండు పెళ్లిళ్ల ఫోటోలు చూశాక పెదనాన్నగారు 18-70 జూమ్ తీసుకున్నారు. చిన్న సెన్సార్ మీద 18 అంటే పాత 27తో సమానం. పక్కకు తెగిపోయిన మేనత్తలు, పెద్దమ్మలు మళ్లీ ఫోటోలోకి వచ్చారు.

50ని మాత్రం ఆయన వదల్లేదు. దానికి కారణముంది. ఆ లెన్సు ఎపర్చర్ 1.8, జూమ్ లెన్సుది చివరికొచ్చేసరికి 4.5. అంటే పాత లెన్సు ఆరు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. అర్ధరాత్రి ముహూర్తాల్లో ట్యూబ్‌లైట్ కింద ఫ్లాష్ లేకుండా తీయాలంటే అదే దిక్కు. పైగా 75లాగా మారడంతో ముఖాలు తీయడానికి ఇంకా బాగా కుదిరింది.

వెడల్పు లెన్సు కొత్తది కొనాలి, వెలుతురు ఎక్కువ పట్టే పాతది ఉంచుకోవాలి. ఆ రోజుల్లో చిన్న సెన్సార్‌కు మారినవాళ్లకు ఈ మాట సరిపోయేది.

మళ్లీ పాత కొలతకు

తర్వాత పెద్ద సెన్సార్ ధరలు దిగాయి. కెనాన్ 5డి 2005లో, నికాన్ డి700 2008లో వచ్చాయి. 2013లో వచ్చిన సోనీ ఎ7లో లోపల అద్దం లేదు కాబట్టి బాడీ పల్చన. నికాన్ ఎఫ్ మౌంట్‌కూ ఫిల్ముకూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. సోనీలో మౌంట్‌కూ సెన్సార్‌కూ మధ్య 18 మాత్రమే. మధ్యలో మిగిలే జాగాలో ఒక ఉత్త రింగు పెడితే చాలు, పాత లెన్సు చక్కగా కూర్చుంటుంది. మునుపు ఇబ్బందిపడ్డ కెనాన్ ఎఫ్‌డి లెన్సులకూ ఇదే దారి దొరికింది. మన మేనల్లుడు పోయినేడాది గృహప్రవేశం ఫోటోలు తీసింది ఆ పాత 28తోనే. 28 మళ్లీ 28 అయింది.

అందుకని ఎవరి బీరువాలోనైనా తాతల నాటి లెన్సు ఉంటే పాత సామాన్ల వాడికి వెయ్యకండి. ముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి గీతలుంటే బూజు పట్టినట్టే. మన సముద్రపు గాలికి అది త్వరగా పడుతుంది. తోలు సంచిలో ఉంచితే మరీను, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. అప్పుడప్పుడు బయటికి తీసి వాడండి. వాడుతున్న లెన్సుకు బూజు తక్కువ.

మీ ఇంట్లో ఏ లెన్సు ఉందో, ముందు రింగు మీద ఏ అంకెలున్నాయో రాయండి. అది ఏ కెమెరాకు పనికొస్తుందో చూసి చెబుతాం.