ముంగారి, హింగారి: ఆదోని, ఎమ్మిగనూరు మెట్టసేద్యం చరిత్ర

కర్నూలు జిల్లా పడమటి కొసన ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆస్పరి, ఆలూరు ప్రాంతాల్లో సేద్యమంతా ఎప్పుడు పడుతుందో తెలియని వాన మీద నడిచింది. నైరుతి రుతుపవనాల తడిని పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలం కోల్పోతాయి. ఏడాదికి అటూఇటూగా 600 మిల్లీమీటర్లు కురిసే ఈ నేలలో అసలు కష్టం వాన తక్కువ కావడం ఒక్కటే కాదు. జూన్‌లో ఒక పదును పడి, తర్వాత నెల రోజులు మబ్బు జాడే లేకపోవచ్చు. పైరు ఎండిపోయాక సెప్టెంబరులో చెరువులు తెగేంత కురవవచ్చు. ఏడాది మొత్తం లెక్కలో వాన సరిపోయినట్టే కనిపిస్తుంది, గాదెలో మాత్రం గింజ ఉండదు.

ఈ అనిశ్చితిని తట్టుకోవడానికి రైతులు సంవత్సరాన్ని రెండు పంటకాలాలుగా విడదీసుకున్నారు. మృగశిర, ఆర్ద్ర కార్తెల వానలతో వేసేది ముంగారి. పుబ్బ, ఉత్తర దాటాక నేలలో నిలిచిన తడి మీద వేసేది హింగారి. ఏ నేలకు ఏ కాలమన్నది మట్టే తేల్చింది. ఎర్రనేల నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు. అందుకని వాన పడిన రెండు మూడు రోజుల్లోనే అక్కడ పచ్చజొన్న, కొర్ర, ఆముదం, తర్వాతి కాలంలో వేరుశనగ విత్తేవారు. నల్లరేగడి అలా కాదు. లోతుగా తడిస్తే నెలల తరబడి ఆ తడిని దాచుకుంటుంది, పై నుంచి చినుకు పడకపోయినా పైరును నిలబెడుతుంది. కాబట్టి రేగడి రైతు తొలకరికి తొందరపడేవాడు కాదు. వేసవి చివర నుంచి భాద్రపదం దాకా పడిన వానలన్నీ నేలలోకి ఇంకనిచ్చి, ఆ తర్వాతే తెల్లజొన్న, పత్తి వేసేవాడు. తొలి వాన మీద ఆశపడకుండా ఆగడమే రేగడి సేద్యంలో మొదటి పాఠం. ఎర్రచెక్కా నల్లచెక్కా రెండూ ఉన్న కుటుంబానికి ఒక కాలం పోయినా ఇంకో కాలం మిగిలేది. ఒకే రకం నేల ఉన్నవాళ్లకు ఆ భరోసా ఉండేది కాదు.

పనిముట్లు కూడా తడిని కాపాడే పని కోసం తయారైనవే. రేగడి చేనును ఏటా మడకతో దున్నే అలవాటు ఇక్కడ లేదు. లోతుగా వేళ్లు దించే గరిక పట్టిన చేనును ఒకసారి పెద్ద మడకతో పెళ్లగించేవారు. దానికి అనేక జతల ఎద్దులు కావాలి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఊళ్లో వాళ్లు ఎద్దులు కలుపుకొనేవారు. అలా శుభ్రమైన చేనులో చాలా ఏళ్ల పాటు గుంటక మాత్రమే తోలేవారు. గుంటక పలుగు పైమట్టిని పలుచగా కోసి పొడి చేస్తుంది, కలుపును తెగ్గోస్తుంది, కింది తడి ఆవిరై పోయే దారులను మూసేస్తుంది. విత్తనానికి గొర్రు ఉండేది. పైనున్న జడ్డిగంలో చేతితో గింజలు వదులుతుంటే, అవి గొట్టాల గుండా జారి పొడిమట్టి కింద తడి ఉన్న లోతులో పడేవి. జడ్డిగం దగ్గర నడిచేది చాలాసార్లు ఆడవాళ్లే. గింజను ఎడంగానూ కాకుండా, గుత్తిగానూ కాకుండా వదిలే ఆ చేతివాటం మీదే చేను సాంద్రత ఆధారపడింది. తడి తక్కువైన నేలలో మొక్కలు చిక్కబడితే అన్నీ ఎండిపోతాయి. ఇంత నేర్పున్న ఆ పనికి రెవెన్యూ రికార్డుల్లో చోటు దొరకలేదు.

ఒక చేనులో ఒకే పంట వేయడం చాలాకాలం అరుదు. పత్తి సాళ్ల మధ్య కొర్ర వేయడం ఈ ప్రాంతపు పేరున్న పద్ధతి. కొర్ర మూడు నెలల్లో కోతకు వస్తుంది. పత్తి మెల్లగా పెరిగి, కొర్ర కోసేశాక మిగిలిన తడితో సాగి, మాఘ ఫాల్గుణాల నుంచి కాయలు విచ్చుతుంది. వానలు ముందే ఆగిపోతే కొర్రైనా చేతికొస్తుంది. ఆలస్యంగా పడితే పత్తి కోలుకుంటుంది. తిండిగింజ, అమ్ముకునే పంట ఒకే చేనులో ఉండడంతో కరువేడు కూడా పూర్తిగా ఖాళీగా పోయేది కాదు.

పంట చేతికొచ్చాక మరో రక్షణ ఉండేది. గట్టి నేలలో లోతుగా తవ్విన పాతరల్లో జొన్నలు పోసి, పైన గడ్డి, మట్టి కప్పి మూసేవారు. గాలి తగలని ఆ గోతుల్లో గింజ ఏళ్ల తరబడి నిలిచేది. జొన్న చొప్పను వాములు వేసి పశువులకు దాచేవారు. మంచి ఏడాది మిగులును చెడ్డ ఏడాదికి చేర్చే ఏర్పాటు ఇది. పాతర నిండుగా ఉన్న ఊరు ఒక కరువును తట్టుకునేది. వరుసగా రెండేళ్లు వాన తప్పితే మాత్రం ఏ పాతరా సరిపోయేది కాదు. అప్పుడు కప్పతల్లిని ఊరేగించడం, గుళ్లలో విరాటపర్వం చదివించడం వంటివి ఊరంతా కలిసి చేసేవారు.

పాలకులు మారినా ఈ సేద్యం పెద్దగా మారలేదు. వాళ్లు మార్చింది దాని మీద పడే భారాన్ని. ఆదోని కోట విజయనగరం నుంచి బీజాపూర్ ఆదిల్‌షాహీలకు, వారి నుంచి మొఘలులకు, తర్వాత నిజాం వంశానికి దక్కింది. నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ 1782లో చనిపోయేదాకా ఆదోని ఆయన జాగీరు. 1786లో టిప్పు సుల్తాన్ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1802లో మొదలుపెట్టిన సర్వేలో పొలం పొలాన్నీ కొలిపించి, రైతు పేర శిస్తు నిర్ణయించాడు. ఇదే రైతువారీ పద్ధతి. ఆ శిస్తు పంటలో దాదాపు సగాన్ని మింగేదిగా ఉందని ఆయనే గుర్తించి, 1807లో సెలవు తీసుకునే ముందు నాలుగో వంతు తగ్గించమని రాశాడు. కంపెనీ వినలేదు సరికదా, రైతువారీని పక్కనపెట్టి ఊళ్లకు ఊళ్లనే కౌలుకిచ్చింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే ఆ తగ్గింపు అమలైంది. 1827లో ఆయన కలరాతో కన్నుమూసింది ఈ సీమలోనే, పత్తికొండలో. శిస్తు తగ్గినా అందులోని లోపం పోలేదు. వాన మారుతూనే ఉంటుంది, శిస్తు మారదు. మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది అధికారి దయ మీద ఆధారపడింది.

అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి 1865 వరకు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి అందలేదు. ధరలు ఆకాశానికెక్కడంతో బళ్లారి, ఆదోని రేగడి పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. యుద్ధం ముగియగానే ధరలు కూలాయి. అయినా పత్తి వెనక్కి తగ్గలేదు. 1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే మార్గంతో కలిసింది. ఆ దారిలో ఉన్న ఆదోని పత్తి బేళ్ల ఊరైంది. జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులు వెలిశాయి. ఇక్కడి పత్తిని వర్తకులు 'వెస్టర్న్స్' అనేవారు. నంద్యాల వైపు పత్తి పేరు 'నార్తర్న్స్'. రైలు పత్తితోపాటు జొన్నలనూ తీసుకుపోయింది. ధర బాగున్నప్పుడు పాతర తెరిచి అమ్ముకోవడం తేలికైంది. పాతరలో ఉండవలసిన గింజ అప్పుగానో, నగదుగానో మారిపోయింది.

ఆ మార్పు ఎంత ప్రమాదకరమో 1876లో బయటపడింది. ఆ ఏడు ముంగారి, హింగారి రెండూ పోయాయి. రెండు కాలాల సేద్యం ఒక కాలం తప్పితే ఆదుకోవడానికి ఏర్పడింది. రెండూ తప్పితే దాని దగ్గర జవాబు లేదు. 1877లో కూడా నైరుతి సమయానికి రాలేదు. సెప్టెంబరు దాకా వానలు సరిగా పడలేదు. రైలు వల్ల ధాన్యం బయటి నుంచి వచ్చిన మాట నిజమే, కొనేవాళ్ల దగ్గర డబ్బులేదు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టినవాళ్ల కూలిని 1877 జనవరిలో ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బుకు తగ్గించాడు. ఒళ్లొంచి పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. న్యాయం కార్నిష్ వైపే ఉంది. ఆ కూలిని పెంచేలోగా ఎందరో పోయారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి జిల్లా సుమారు ఐదో వంతు మందిని, కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతును కోల్పోయాయి. అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం.

కరువు రైతు కంటే ముందు నేతగాడిని తాకేది. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు, గూడూరులలో గుంత మగ్గాల మీద బతికే కురువినిశెట్టి, తొగట, పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల గుడ్డలు కొనేది చుట్టుపక్కల రైతులే. వాన తప్పిన వారం నుంచే రైతు బట్ట కొనడం మానేస్తాడు, గింజల ధర మాత్రం పెరుగుతుంది. నేతగాడికి రాబడి పోయి, ఖర్చు పెరిగేది ఒకేసారి. సున్నితమైన చేతులతో రాళ్లు కొట్టలేని వీళ్లకు నూలిచ్చి, నేసిన గుడ్డ కొనాలన్న ఆలోచన కరువు నిబంధనల్లో తర్వాత చేరింది. ఆ ఆలోచనకు నిలకడైన రూపం ఎమ్మిగనూరులో వచ్చింది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పారు. నూలు సరఫరా, నేసిన సరుకు అమ్మకం సంఘమే చూసుకోవడంతో నేతగాడి బతుకు ఒక్క స్థానిక సంత మీద, అంటే ఒక్క చోటి వాన మీద, ఆధారపడడం తగ్గింది. దుప్పట్లు, తువ్వాళ్లు దూరపు ఊళ్లకు పోయాయి. రేగడి రైతు రెండు పంటలతో సాధించినదాన్ని ఈ సంఘం దూరపు మార్కెట్లతో సాధించింది. సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. మరమగ్గాల పోటీ పెరిగాక మగ్గాలు తగ్గినా, సంఘం పేరు ఊరి మైదానానికీ, సోమప్ప పేరు కూడలికీ నిలిచాయి.

ప్రభుత్వం మెట్టసేద్యాన్ని శాస్త్రంగా పట్టించుకోవడం ఇరవయ్యో శతాబ్దంలోనే. 1906లో బళ్లారి దగ్గర హగరిలో వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. 1930ల్లో షోలాపూర్, బీజాపూర్, రాయచూరు, రోహ్‌తక్‌లతోపాటు అక్కడా మెట్టసేద్య పరిశోధన నడిచింది. వాలుకు అడ్డంగా కట్టలు వేసి నీటిని ఆపడం, వేళకు గుంటక తోలడం, విత్తనం ఎడంగా వేయడం అక్కడ తేలిన ముఖ్యాంశాలు. వీటిలో చాలావరకు రైతుకు తెలిసినవే. కట్టలు మాత్రం ఒక చేనులో వేస్తే చాలవు, వాలు పొడవునా అందరూ వేయాలి. ఆ ఉమ్మడి పనే కష్టం.

ఆశలన్నీ తుంగభద్ర మీదికి మళ్లాయి. హోస్పేట దగ్గర ఆనకట్టకు 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగి, 1953కి నిర్మాణం పూర్తయింది. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి మైసూరుకు పోగా, ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఆనకట్ట పక్క రాష్ట్రంలో, ఆయకట్టు ఈ రాష్ట్రంలో అయ్యాయి. దిగువ కాలువకు ఆంధ్ర వాటాగా 24 టీఎంసీలు, సుమారు 1.51 లక్షల ఎకరాల ఆయకట్టు నిర్ణయమైంది. కాలువ కర్ణాటకలో 200 కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడికి చేరేసరికి ప్రవాహం సన్నబడుతుంది. పూడిక వల్ల జలాశయం సామర్థ్యం మొదటి 133 టీఎంసీల నుంచి సుమారు 105కు పడిపోయింది. కాలువ చివరి ఊళ్లకు నీరు కూడా వానలాగే అనుమానమైంది. కాలువ ఎగువ భాగంలోని ఊళ్లలో వరి, మిరప పండాయి. కాలువ అందని ఊళ్లు పాత మెట్టసేద్యంలోనే ఉండిపోయాయి.

ఆ మెట్టసేద్యం కూడా లోపల మారిపోయింది. ఎర్రనేలల్లో వేరుశనగ కొర్రనూ పచ్చజొన్ననూ తోసేసింది. రేగడిలో తెల్లజొన్న స్థానంలోకి శనగ వచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పత్తి పద్ధతే తారుమారైంది. హింగారి పత్తి పోయి, జూన్, జూలైలోనే విత్తే ముంగారి పత్తి వచ్చింది. విత్తనం, ఎరువు, మందు అన్నీ కొనాలి. సాళ్ల మధ్య కొర్ర లేదు. మొదటి పదునుకే విత్తి, నెల రోజులు వాన ఆగితే మొత్తం మళ్లీ విత్తాలి. రేగడికి ఉన్న సహజమైన ఓపికను ఈ పంట వాడుకోలేదు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటిగా నిలిచిన కాలంలోనే ఆ పత్తి పండించే రైతుకు నష్టభయం పెరిగింది. మంచి ధర పలికిన ఏడు కూడా అప్పు తీరని ఇళ్లు ఎన్నో.

పాతరలు పూడిపోయి, మిశ్రమ సాళ్లు పోయాక వాన తప్పిన ఏడు మిగిలిన దారి వలస. ఇక్కడ దాన్ని సుగ్గికి పోవడం అంటారు. దసరా, దీపావళి దాటాక కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి కుటుంబాలు వంటసామాను, గింజల మూటలతో బయలుదేరతాయి. గుంటూరు, ప్రకాశం వైపు మిరపకోతకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడాల పనికి పోయి ఉగాది నాటికి తిరిగొస్తాయి. ఊళ్లో ముసలివాళ్లు, తాళాలు మిగులుతాయి. వెంట వెళ్లిన పిల్లల చదువు ఆగుతుంది. దీన్ని ఆపడానికి తల్లిదండ్రులు వలసపోయిన పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరిచారు. 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం ఇక్కడా పని కల్పించింది. కూలి తక్కువ కావడం, చెల్లింపులు ఆలస్యం కావడంతో మిరపకోతకు వెళ్తే దొరికే కూలితో అది పోటీపడలేకపోయింది. సుగ్గి ఏటా కొనసాగుతోంది. వానలు బాగా కురిసిన సంవత్సరాల్లో వెళ్లేవాళ్లు తగ్గుతారు, ముంగారి తప్పిన సంవత్సరాల్లో ఊళ్లకు ఊళ్లే కదులుతాయి.