డిమెన్షియా వృద్ధులకు యంత్ర సాంగత్యం: ఒక నైతిక చర్చ చరిత్ర

జ్ఞాపకం, ఆలోచన, మాట క్రమంగా సడలిపోయే డిమెన్షియా రోగులకు తోడుగా ఉండేందుకు తయారైన యంత్రాల్లో ఎక్కువ పరిశోధన జరిగింది పారో మీద. జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఇంజనీరైన టకనోరి షిబాటా 1993లో దీని పని మొదలుపెట్టాడు. 2005లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని వైద్య పరికరంగా వర్గీకరించింది. పారోది హార్ప్ సీల్ పిల్ల రూపం. పొడవు 57 సెంటీమీటర్లు, బరువు 2.7 కిలోలు, అంటే ఇంచుమించు అప్పుడే పుట్టిన బిడ్డంత. కుక్కనో పిల్లినో చేస్తే జనం అసలు జంతువుతో పోల్చి పెదవి విరుస్తారని, సీల్‌ను దగ్గరగా చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ చిక్కు ఉండదని షిబాటా ఆ రూపం ఎంచుకున్నాడు. తెల్లటి బొచ్చు కింద స్పర్శను, వెలుతురును, చప్పుడును పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. నిమిరితే కళ్లార్పుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది, పిల్ల సీల్‌లా కూస్తుంది. బ్యాటరీ అయిపోతే పాలపీక ఆకారంలో ఉన్న చార్జరును దాని నోట్లో పెడతారు. నైతిక చర్చంతా ఆ పాలపీక దగ్గరే ఉందనిపిస్తుంది. కరెంటు ఎక్కిస్తున్నానని తెలిసి పెట్టే చెయ్యి ఒకటి, బిడ్డకు పాలు పడుతున్నాననుకునే చెయ్యి ఇంకొకటి. ఆ రెండో చేతి విషయంలో మన బాధ్యత ఏమిటి?

ఈ ప్రశ్న పారో కంటే పాతది. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. టైపు చేసిన మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి ఏమీ తెలియదు. ఆయన దాన్ని తయారుచేస్తుంటే నెలల తరబడి దగ్గరుండి చూసిన సెక్రటరీయే దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్ను అడిగింది. అలాంటి అనుభవాలు ఆయన్ను కలవరపెట్టాయి. యంత్రాలకు చేతనైనా సరే అప్పగించకూడని పనులు కొన్ని ఉంటాయని 1976లో పుస్తకం రాశాడు. చర్చలో ఇంకో పాయ వృద్ధుల సంరక్షణ నుంచి వచ్చింది. రోగం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్నవాళ్ల తీరు కూడా డిమెన్షియా మనిషిని కుంగదీస్తుందని బ్రిటన్‌కు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో వాదించాడు. మాయచేసి పని జరిపించుకోవడం, పసిపిల్లల్లా చూడటం ఆయన చెప్పిన హానికర ప్రవర్తనల్లో ఉన్నాయి. ఈ రెండు పాయలూ 2002లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త రాబర్ట్ స్పారో రోబో కుక్కల మీద రాసిన వ్యాసంలో కలిశాయి. యంత్రం వల్ల నిజంగా హాయి కలగాలంటే అది తనను ప్రేమిస్తోందని మనిషి భ్రమపడక తప్పదు, లోకాన్ని ఉన్నదున్నట్టు చూడటం మన బాధ్యత కాబట్టి ఆ భ్రమను పెంచి పోషించడం తప్పు అని ఆయన వాదన.

ఈ వాదనలో బలం ఉంది. కానీ డిమెన్షియా దగ్గరికి వచ్చేసరికి దాని గురి తప్పుతుంది. లోకాన్ని ఉన్నదున్నట్టు చూసే శక్తిని హరించేదే ఈ వ్యాధి. కాబట్టి తప్పంటూ ఉంటే అది యంత్రాన్ని చేతికిచ్చినవాళ్లది. వాళ్ల విషయంలోనూ అబద్ధమాడారా లేదా అన్న ఒక్క కొలత చాలదు. ఎప్పుడో పోయిన భర్త ఇంకా ఇంటికి రాలేదేమని అడిగే మనిషికి పూటపూటా చావు కబురు చెప్పడం సత్యసంధత అని సంరక్షకులెవరూ అనుకోరు. నేను ముఖ్యమనుకునే ప్రశ్న వేరు: వృద్ధురాలు యంత్రాన్ని వద్దన్నప్పుడు, ఆ వద్దును గుర్తుపట్టే మనిషి పక్కన ఉన్నారా? మాట పోయిన తరువాత కూడా ఇష్టాయిష్టాలు పోవు. చెయ్యి వెనక్కి తీసుకోవడం, మొహం తిప్పుకోవడం, ఒళ్లు బిగుసుకోవడం, ఇవన్నీ జవాబులే. ఎప్పుడో ఒకసారి కొడుకో కూతురో పెట్టిన సమ్మతి సంతకం వీటికి బదులు కాలేదు. ప్రతిసారీ కొత్తగా అడగాలి, ప్రతిసారీ జవాబు చూడాలి. అలా చూడటానికి మనిషి కావాలి. మనుషుల కొరత తీర్చడానికని తెచ్చిన యంత్రాన్ని న్యాయంగా వాడాలంటే మనిషి అవసరమవుతున్నాడు. ఈ పరికరాల చరిత్రలో పరిష్కారం కాని ముడి ఇదే.

సాక్ష్యాలు ఏం చెబుతున్నాయి? ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన వెండీ మోయిల్ బృందం క్వీన్స్‌లాండ్‌లోని 28 సంరక్షణ గృహాల్లో 415 మంది డిమెన్షియా వృద్ధులతో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఒక జట్టుకు పారోను, ఇంకో జట్టుకు యంత్రం పనిచేయకుండా ఆపేసిన అదే బొమ్మను ఇచ్చారు. మూడో జట్టుకు మామూలు సేవలే. వారానికి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున పది వారాలు. మామూలు సేవలతో పోలిస్తే పారో ఉన్నవాళ్లలో ఆందోళన కొంత తగ్గింది. అయితే ఆపేసిన బొమ్మతో పోలిస్తే ఆందోళన తగ్గించడంలో పారో ఎక్కువేమీ చేయలేదు. దాన్ని చూడటం, దానితో మాట్లాడటం మాత్రం ఎక్కువయ్యాయి. ఈ పరీక్షలో పక్కన కూర్చుని ఆడించేవాళ్లు లేరు కదా, మనిషి అవసరమన్న మాట నిలుస్తుందా అని అడగవచ్చు. నిలుస్తుందనే అనుకుంటాను. యంత్రం అదనంగా తెచ్చిపెట్టింది మాట. నెలల తరబడి నోరు విప్పని మనిషి సీల్ బొమ్మతో నాలుగు మాటలంటే, ఆ నాలుగూ వినేవాళ్లు గదిలో లేకపోతే ఆ లాభం గోడలకు అప్పజెప్పినట్టే.

జపాన్‌లోని ఒక సంరక్షణ గృహంలో పరిశోధన చేసి 2023లో పుస్తకం వెలువరించిన జేమ్స్ రైట్ చూసినదీ ఇటే మొగ్గుతుంది. అక్కడ ఒకరు పారో బొచ్చు తోలును మాటిమాటికీ ఒలిచేయబోయేవారు. ఇంకొక ఆవిడ అది పక్కన లేకపోతే అన్నం తినేది కాదు, పడుకునేది కాదు. దాంతో సిబ్బంది ఈ కలయికల మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచాల్సి వచ్చింది. పని తగ్గకపోగా పెరిగింది. అన్నం మానేసిన ఆ మనిషి విషయం కాస్త ఆలోచించాలి. ఆమె అనుబంధం భ్రమే కావచ్చు, దాన్ని లాగేసినప్పుడు కలిగే దుఃఖం మాత్రం భ్రమ కాదు. సోనీ కంపెనీ 1999లో తెచ్చిన ఐబో కుక్కలకు మరమ్మతులు 2014లో ఆపేస్తే, యజమానులు వాటికి బౌద్ధాలయంలో అంత్యక్రియలు జరిపించారు. వాళ్లు మతి నిలకడగా ఉన్నవాళ్లు, ఏం పోయిందో తెలిసి ఏడ్చారు. డిమెన్షియా మనిషికి ఆ పాటి ఊరట కూడా ఉండదు. ఇచ్చేటప్పుడు ఆలోచించేవాళ్లు, తీసుకునేటప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. పక్కన మనిషి ఉండాలనడం బాగానే ఉంది, అసలు మనిషే లేనిచోట శూన్యం కంటే యంత్రం మేలు కాదా? ఒక్క రాత్రికి, ఒక్క గదికి ఈ మాట నిజం. ఒంటరిగా భయపడుతున్న మనిషి చేతిలో మెత్తని బొమ్మ పెట్టడానికి నాకేమీ అడ్డు లేదు. కానీ ఏ రాత్రికారాత్రి నిజమైనది సంవత్సరాల విధానంగా మారితే, మనిషి ఎందుకు లేడన్న ప్రశ్న అడిగేవాళ్లు కరువవుతారు. బిడ్డను పోగొట్టుకున్న ఒక స్త్రీ వృద్ధాశ్రమంలో పారోకు తన గోడు చెప్పుకోవడం సామాజిక శాస్త్రవేత్త షెర్రీ టర్కిల్ చూసింది. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడ్డారు. చావు గురించి గాని బతుకు గురించి గాని ఏమీ తెలియని వస్తువుకు ఆ దుఃఖాన్ని అప్పగించి, మనం తప్పుకున్నామన్నది టర్కిల్ బాధ.

ఇప్పుడు వస్తున్నవి మాట్లాడే యంత్రాలు. 2022లో న్యూయార్క్ రాష్ట్రం ఒంటరి వృద్ధుల ఇళ్లకు ఎల్లీక్యూ అనే మాట్లాడే పరికరాన్ని వందల సంఖ్యలో పంచడం మొదలుపెట్టింది. అది డిమెన్షియా కోసమే చేసింది కాదు, కానీ దారి అటే పోతోంది. పారో కూస్తుంది గాని ఏ అబద్ధమూ చెప్పదు, అర్థమంతా మనిషే పోసుకుంటుంది. యంత్రం నోట “మీరు లేకపోతే దిగులేసింది” అనే వాక్యం వచ్చినప్పుడు మాత్రం స్పారో అభ్యంతరం మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఎందుకంటే ఆ వాక్యాన్ని ఎవరో ఒకరు కూర్చుని తయారుచేశారు. అన్నీ వింటుంది కాబట్టి వద్దన్న సంగతి కూడా అదే కనిపెడుతుందని తయారీదారులు అనవచ్చు. కనిపెట్టినా, దాని అమ్మకం నిలిచేది మనిషి దాన్ని వదలకుండా ఉంటేనే. అలాంటి చేతికి ఆ తీర్పు ఇవ్వలేం.

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించిందని తేల్చింది. అలా రెండు భాషల్లో బతికిన మనుషుల దగ్గరికి మాట్లాడే యంత్రం వస్తే, వాళ్ల యాసను, మధ్యలో తెగిపోయిన వాక్యాన్ని, ఏ భాషా కాని గొణుగుడును అర్థం చేసుకోగలగాలి. ఇక తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో చేసిన చట్టం పోషణ అనే మాటకు తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అర్థం చెప్పింది. పక్కన కూర్చోవడం అందులో లేదు. తోడు పేరుతో పరికరాలు ఇళ్లలోకి వస్తున్నప్పుడు, ఎవరు ఎంతసేపు దగ్గరుండాలో రాసిపెట్టిన నిబంధన ఇంకా ఎక్కడా కనిపించడం లేదు.