నాటకంలో పాట ఎవరిది?

ఉద్యోగరీత్యా నేను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా పనిచేశాను. అప్పటికి మూడూ వరంగల్లు జిల్లాలోనివే. 2016లో వేరు జిల్లాలయ్యాయి. బదిలీ ఎక్కడికైనా నాటకాల పిచ్చి మాత్రం వెంటే వచ్చింది.

మనవాళ్లు నలుగురు కూడినప్పుడు ఒక వాదం తరచు వస్తుంటుంది. ‘బండెనక బండి కట్టి’ పాట ‘మాభూమి’ నాటకానిదని కొందరు, సినిమా కోసం రాసిందని కొందరు. అది నాటకకర్తలు రాసిందీ కాదు, సినిమావారు రాయించిందీ కాదు. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట.

నాటకం సంగతి చూద్దాం. జనగామ తాలూకా అప్పట్లో నల్గొండ జిల్లాలోది. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశముఖుతో కోర్టులో పోరాడి ప్రాణాలు కోల్పోయాడు. ఆ గాథ ఆధారంగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో ‘మాభూమి’ రాశారు. ప్రజానాట్యమండలి ఆడింది. నిజాం ఇలాకాలో ఆడనిచ్చే రోజులా అవి? జనగామ కథను ముందు చూసి కన్నీరు పెట్టుకున్నది కోస్తా జిల్లాలవారు. 1948లో మద్రాసు ప్రభుత్వమూ నిషేధించింది. 1980లో వచ్చిన గౌతం ఘోష్ సినిమాకు అదే పేరు గాని, కథకు మూలం క్రిషన్ చందర్ ఉర్దూ నవల. అందులో యాదగిరి పాటను గద్దర్ పాడి, తెరమీదా కనిపించాడు. పాడినవాడి గొంతు అంత గొప్పది కావడంతో కట్టినవాడి పేరు చాలామందికి చేరలేదు.

ఈ తికమక మనకే కాదు. అమెరికాలో న్యూయార్కు బ్రాడ్వే రంగశాలల్లో పాటల నాటకాలు మన పద్యనాటకాల్లాగే జనాన్ని ఊపేశాయి. 1927 నాటి ‘షో బోట్’కు సంగీతం జెరోమ్ కెర్న్, రచన ఆస్కార్ హామర్‌స్టీన్. అందులో ‘బిల్’ అనే పాట నిజానికి 1918లో వేరే నాటకానికి వోడ్‌హౌస్ రాసింది. అక్కడ తీసేస్తే ఇక్కడ పనికొచ్చింది. అదే నాటకంలోని ‘ఓల్ మేన్ రివర్’ను నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ కచేరీల్లో పాడుతూ, అలసటను చెప్పే మాటలు తీసి పోరాటం చెప్పే మాటలు పెట్టాడు. రాసినవారి మాటను పాడేవాడు మార్చవచ్చా అంటే, ఇక్కడ మార్చడమే న్యాయమని నా అభిప్రాయం.

మహబూబాబాద్‌లో – మాకది మానుకోటే – హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ ఆడేవారు. కాటిసీనుకు వేరే హరిశ్చంద్రుడు వచ్చేవాడు. హార్మోనియం శ్రుతి పెంచడం, ‘వన్స్ మోర్’ కేకలు, మళ్లీ అదే పద్యం! నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది. కాని కాటిసీనులో జనం పదేపదే అడిగి పాడించుకునే పద్యాలు ఆయనవి కావు, గుర్రం జాషువావి. ‘శ్మశానవాటి’ ఖండిక నుంచి తెచ్చి నటులే చేర్చుకున్నారు. అంటరానితనం అనుభవించిన కవి, కాటిలో అందరూ సమానమే అంటే, ఏ కులంవాడైనా లేచి చప్పట్లు కొట్టాడు. రాసింది ఎవరని అడిగినవాడు మాత్రం అరుదు.

భూపాలపల్లిలో షిఫ్టు దిగి వచ్చిన సింగరేణి కార్మికుడొకాయన క్వార్టరు ముందు మంచం వేసుకుని ఆ పద్యాలే పాడేవాడు. నాటకం ఎన్నడూ చూడలేదట, తండ్రి నోట విని నేర్చాడట. “హరిశ్చంద్ర పద్యాలు సారూ” అన్నాడు. జాషువా గారివని చెప్పాను. కాసేపు ఊరుకుని, “ఇంకోసారి పేరు చెప్పుండ్రి” అన్నాడు.

మీ ఊరి నాటకంలో ఎవరైనా కొత్తగా చేర్చిన పాట గుర్తుంటే, కట్టినవారి పేరుతో సహా రాసి మన పత్రికకు పంపండి. మీరు చెబుతుంటే పిల్లలు రాసినా సరే.