ఘంటసాల భగవద్గీత: పద్యపఠనం నుంచి లాంగ్‌ప్లే వరకు

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో గుడివాడ, నందివాడ, బందరు పరిసర గ్రామాల ప్రజలకు సంగీతం ముఖ్యంగా రెండు తావుల్లో వినిపించేది: నారాయణతీర్థుల తరంగాలు పాడుకునే భజన గోష్ఠులు ఒకటి, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల వంటి పద్యనాటకాలు రెండవది. గుడివాడ తాలూకా చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు తండ్రి సూరయ్య తరంగాలు పాడుతూ మృదంగం వాయించేవారు కనుక, మొదటి సంస్కారం ఇంట్లోనే లభించింది. ఆ తరువాత విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికం శాస్త్రీయ పునాది వేసింది.

నాటకరంగం మీద నటుడు పద్యం చివర రాగాన్ని దీర్ఘంగా సాగదీసేవాడు, ప్రేక్షకులూ దానికే వన్స్‌మోర్ కొట్టేవారు. ఘంటసాల ఆ రాగవిస్తారాన్ని కుదించి, భావం విరిగే చోట పద్యాన్ని విరిచి, ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించేలా పాడే పద్ధతిని స్థిరపరిచారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ ఖండికలను ఆయన ఆ ఇరుకులోనే పాడి ఇంటింటికీ చేర్చారు.

నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ వైపుకు ఇరవై నిమిషాలకు పైగా పట్టే లాంగ్‌ప్లే రికార్డు వచ్చాక, విడివిడి పాటలకు బదులు ఆద్యంతం ఒకే రచనగా సాగే ఆల్బమ్ సాధ్యమైంది. పాశ్చాత్య రాక్ బృందాల్లో బీటిల్స్ 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’తోను, పింక్ ఫ్లాయిడ్ 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’తోను ఆ అవకాశాన్ని వాడుకున్న కాలంలోనే, తెలుగులో అంతటి ఏకసూత్రత గల కృతిని హెచ్‌ఎంవీ సంస్థకు ఘంటసాల అనారోగ్యంతో ఉంటూనే పాడి ఇచ్చారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన మద్రాసులో మరణించిన తరువాత ‘భగవద్గీత’ విడుదలైంది.

గీతలోని 700 శ్లోకాల్లో సుమారు నూరింటిని ఎంచి, ఒక్కొక్కదాన్ని పాడి, వెంటనే తెలుగు తాత్పర్యాన్ని ఆయనే వచనంగా చెప్పడం ఈ రికార్డు నిర్మాణం. గీతలో అధికభాగం పాదానికి ఎనిమిదక్షరాల అనుష్టుప్పు. విశ్వరూప సందర్శనంలో పాదానికి పదకొండక్షరాల త్రిష్టుప్పు ఎక్కువగా వస్తుంది. ఛందస్సు ఇంత ఏకరీతిగా ఉన్నప్పుడు విసుగు పుట్టకుండా నిలిపేది రాగాల మార్పు, వాక్యార్థాన్ని అనుసరించే విరుపు; ఈ రెండూ నాటకపద్యం నుంచి ఆయన వడగట్టుకున్నవే. 1945 నాటి ‘స్వర్గసీమ’ మొదలు మూడు దశాబ్దాల పాటు నటుల పెదవుల కోసం పాడిన గాయకుడు, ఇక్కడ ఏ పాత్ర చాటూ లేకుండా వక్తగా, గాయకుడిగా స్వయంగా నిలబడటం వల్ల, ఆయన జీవితకృషిలో దీనికి సినిమా పాటలన్నిటికంటే ఎత్తైన స్థానం ఇవ్వడం న్యాయం.

తెలుగునాట మరణం సంభవించిన ఇంట ఈ రికార్డును వినిపించడం క్రమంగా ఆచారమైంది. దుఃఖితులకు అది ఇచ్చిన ఊరట నిజమే అయినా, ఆ ఒక్క సందర్భానికే అలవాటుపడిన చెవికి, విల్లు జారవిడిచిన అర్జునుణ్ణి మళ్లీ యుద్ధానికి లేపే కంఠంలోని చురుకు, ఆజ్ఞ, వాత్సల్యం సరిగా అందడం లేదు.