బడిపంతులు కొలువు: దయ నుండి హక్కు వరకు

వీధిబడి పంతులును మనమందరము గౌరవముతో స్మరిస్తాము. కాని ఆయన కొలువు ఎంత నిలకడ గలదో విచారించుట అరుదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్రను ఈ ఒక్క ప్రశ్నతో పరిశీలిద్దాము.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వము మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జమీందారీ సీమలు. కుప్పం కంగుంది జమీనుకు చెందినది. 1822లో గవర్నరు సర్ థామస్ మన్రో మద్రాసు రాజధాని అంతటా బడుల లెక్క తీయించినాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలినారు. పంతులకు సాధారణముగా నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనీ, ఆ రాబడికి యోగ్యులు ఈ వృత్తికి రారనీ 1826లో మన్రో వ్రాసినాడు. ఆ ఆరేడు రూపాయలు పిల్లలు తెచ్చే అణాలే. కరవు వచ్చి పిల్లలు బడి మానితే అవీ లేవు. అటువంటి కొలువుకు తొలగింపు ఉత్తరువు అవసరమే లేదు. తరువాత పరీక్షాఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చినది. అప్పుడు పంతులు బ్రతుకు కరవుతోపాటు తనిఖీ అధికారి చేతికి కూడా చిక్కినది.

1915లో అనీబిసెంటు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించినది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ఆమె నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేస్తూ, 1916 నాటి డబ్లిన్ తిరుగుబాటును మెచ్చి వ్రాసి, ఆ కొలువును పోగొట్టుకొన్నాడు. పత్రికలో చోటు పోయినవానికి కళాశాలలో చోటు దొరికినది. తరువాత ఆయన అక్కడ ప్రిన్సిపాలు కూడా అయినాడు. హోంరూలు ఉద్యమపు వేడిలో, 1917లో, మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు పోయినా కళాశాల నిలిచినది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడ విడిది చేసి, ఫిబ్రవరి 28న జనగణమనకు ఆంగ్లానువాదము వ్రాసినది కజిన్సు దంపతుల ఆతిథ్యములోనే.

ఇది సంతోషించదగిన కథయే. కాని 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రము బోధించే గోరా, నాస్తికుడైనందుకు ఉద్యోగము కోల్పోయినాడు. కజిన్సుకు చోటిచ్చినది యాజమాన్యపు ఆదరము. గోరాకు చోటు లేకుండ చేసినది యాజమాన్యపు అనాదరము. రెండు కథలలోను ఉపాధ్యాయుని హక్కు మాత్రము కానరాదు.

ఆ హక్కు మెల్లమెల్లగా వచ్చినది. 1948 చట్టముతో జమీందారీలు రద్దయినవి. 1959లో జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు ఏర్పడి పల్లె బడులు వాటి క్రిందికి వచ్చినవి. ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బంది రక్షణకు 1975లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టము చేసినది. అందులోని కొన్ని నిబంధనలు అల్పసంఖ్యాక వర్గాల సంస్థలకు వర్తించవని 1980లో హైదరాబాదు ఆల్ సెయింట్స్ హైస్కూలు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆపైన వచ్చిన 1982 విద్యాచట్టము, ఆరోపణ తెలిపి, సంజాయిషీ విని, విచారణ జరిపిన పిమ్మటనే ప్రైవేటు బడి ఉపాధ్యాయుని తొలగించవలెనని శాసించినది.

ఉద్యోగభద్రత సోమరితనము పెంచునని కొందరి ఆక్షేపణ. చట్టము తొలగింపును నిషేధించలేదని వారు గమనించవలెను. అది అడిగినది కారణమును, విచారణను మాత్రమే. పని చేయని పంతులుకు అది రక్షణ కాదు. పని చేస్తూ నిజము చెప్పిన పంతులుకే రక్షణ.

అయితే చట్టము ఒక వాకిలి మూసినప్పుడు అవసరము మరొక వాకిలి తెరచినది. 1980ల దశకములో నెలకు 398 రూపాయల నిర్ణీత వేతనముపై ప్రత్యేక ఉపాధ్యాయులు వచ్చినారు. ఆ తరువాత విద్యావాలంటీర్లు, కాంట్రాక్టు అధ్యాపకులు వచ్చినారు. గడువు తీరిన కొలువును ఎవరూ తొలగించనక్కరలేదు. అది తానే తీరిపోవును. అందువలన విచారణ ప్రశ్నయే పుట్టదు. వేసవి సెలవులు రాగానే వచ్చే ఏటి అన్నమును గురించి ఆలోచించే గురువు, శిష్యుని భవిష్యత్తును గురించి నిశ్చింతగా ఎట్లు ఆలోచించగలడు? మన్రో రెండు వందల ఏండ్ల క్రిందట గుర్తించిన చిక్కు ఇదియే. బడి నిలకడ పంతులు నిలకడలో ఉన్నదని మన చరిత్ర మనకు చెబుతున్నది.