సాముగరిడీ చీనాకు వెళ్లెనా?

సాముగరిడీల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మన ప్రాంతమున ఒక మాట తప్పక వినవచ్చును. చీనావారి ముష్టియుద్ధము, కర్రసాము, ఊపిరి బిగించి చేయు అంతశ్శక్తిసాధన, ఇవన్నియు మన దేశమునుండి వెళ్లినవేననియు, బోధిధర్ముడను దాక్షిణాత్యభిక్షువు చీనాకు పోయి షావోలిన్ ఆశ్రమమున వానిని నేర్పెననియు చెప్పుకొందురు. 2011లో ‘సెవెన్త్ సెన్స్’ అను పేర తెలుగులోనికి వచ్చిన అరవ చలనచిత్రమును చూచిన పిమ్మట చిన్నపిల్లలకు సైతము ఈ కథ కంఠస్థమైనది.

కథలో కొంత భాగము నమ్మదగినదే. కళింగపట్టణము రేవును, వంశధార యొడ్డున శాలిహుండము కొండమీది స్తూపములను చూచినవారికి బౌద్ధభిక్షువులు దేశదేశములు తిరిగిరనుటలో ఆశ్చర్యము తోచదు. చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ 7వ శతాబ్దిలో కళింగమును చూచి వ్రాసిపెట్టినాడు. అక్కడివా రిక్కడికి వచ్చినట్లే ఇక్కడివా రక్కడికి పోయినారు. షావోలిన్ ఆశ్రమము క్రీ.శ. 495 ప్రాంతమున కట్టబడినది కూడ ఒక భారతీయభిక్షువు కొరకే. అయితే ఆయన బోధిధర్ముడు కాడు. చీనావారు బాతువో అని పిలిచిన వేఱొకడు.

ఇక బోధిధర్ముని మాట. ఆయనను గూర్చిన మొట్టమొదటి వ్రాత 547 నాటి లోయాంగ్ నగరపు విహారముల వర్ణనలో నున్నది. అందులో ఆయన పారసీకదేశస్థుడు! ఆయన శిష్యవర్గమునకు చెందిన తాన్‌లిన్ మాత్రము దక్షిణభారతీయుడనియు, ఒక మహారాజు మూడవ కుమారుడనియు చెప్పినాడు. కాంచీపురము, పల్లవవంశము ఆ వ్రాతలలో లేవు. ఆయన పిడికిలి బిగించెననిగాని, కర్ర త్రిప్పెననిగాని ఆ కాలపు వ్రాతలలో ఎవ్వరును వ్రాయలేదు. గోడకు ఎదురుగా కూర్చుండి ధ్యానము చేయుటయే ఆయన ప్రసిద్ధి.

మఱి ఈ విద్య ఆయన పద్దులోనికి ఎట్లు వచ్చినది? వచ్చినది ఒక పుస్తకముద్వారా. ‘యిజిన్ జింగ్’ అను పేరుగల ఆ గ్రంథమునకు ‘స్నాయువులను మార్చు శాస్త్రము’ అని అర్థము చెప్పుకొనవచ్చును. బోధిధర్ముడు ఆశ్రమమున ఒక పెట్టెను విడిచిపోయెననియు, అందు రెండు గ్రంథములు దొరికెననియు, వానిలో ఒకటి యిదేననియు దాని పీఠిక చెప్పును. పీఠికలు రెండు. ఒకటి 628లో లీ జింగ్ అను సేనాని వ్రాసినట్లు, రెండవది 1142లో న్యూ గావ్ అను మఱియొక సేనాని వ్రాసినట్లు ఉన్నవి. గ్రంథము మాత్రము 1624 నాటిదని విమర్శకుల నిర్ణయము.

పాతతేదీ వేసి వ్రాసిన దస్తావేజును పట్టుటకు పల్లెలో పెద్ద చదువు అక్కఱలేదు. సాక్షులను చూచిన చాలును. మొదటి పీఠికలో, లీ జింగ్‌నకు ఈ గ్రంథమును అందించినవాడు ‘ఉంగరాలగడ్డపు వీరుడు’ అని యున్నది. ఆ వీరుడు చీనావారి ఒక ప్రాచీనకథలోని కల్పితపాత్ర. మన కాశీమజిలీకథలలోని మణిసిద్ధుడు వచ్చి భూమి క్రయచీటిమీద సాక్షిసంతకము చేసినట్లున్నది! ఈ తప్పును పట్టినవారు పరదేశీయులు కారు. 18వ శతాబ్దిలోనే లింగ్ టింగ్‌కాన్ అను చీనాపండితుడు దీనిని ఎత్తిచూపి, పీఠికాకర్తను పరిహసించినాడు. అయినను పుస్తకము చెల్లుబడియైనది. 20వ శతాబ్ది ఆరంభమున ఒక జనప్రియమైన చీనానవలలో ఈ కథ ఎక్కిన తరువాత దానిని ఆపగలవారు లేకపోయిరి.

షావోలిన్ భిక్షువులు యుద్ధము చేసిన మాట నిజము. 621లో వారు టాంగ్‌వంశపు రాజకుమారునకు తోడ్పడినట్లు 728 నాటి శిలాశాసనము సాక్ష్యమిచ్చుచున్నది. 16వ శతాబ్దిలో సముద్రపుదొంగలపైకి కర్రలతో పోయిరి. విచిత్రమేమనగా, ఆ ఆశ్రమపు కర్రసామును గూర్చి 17వ శతాబ్ది ఆరంభమున చెంగ్ జోంగ్‌యూ వ్రాసిన గ్రంథములో ఆదిగురువు బోధిధర్ముడు కానేకాడు, కిన్నరుడు. వంటశాలలో పొయ్యి ఎగద్రోయు సేవకుని రూపమున నున్న కిన్నరరాజు, శత్రువులు వచ్చి పడగా కర్ర పుచ్చుకొని వారిని తఱిమెనట. విరాటుని వంటశాలలో వలలుడై యుండి, జీమూతుడను మల్లుని పడగొట్టిన భీమసేనుని తిక్కనగారి భారతమున చదువుకొన్నవారికి ఈ వంటవాని కథ పరాయిదిగ తోచదు. కిన్నరుడను పేరు మనది. కర్ర మాత్రము ఎవరిదని చెప్పవలెను?

అంతశ్శక్తి వాదము మఱింత చిక్కైనది. చీనాలో సాము రెండు తెగలనియు, షావోలిన్‌ది బాహ్యమనియు, వూడాంగ్ కొండది ఆంతరమనియు మొదట వ్రాసినవాడు హువాంగ్ జోంగ్‌సీ. 1669లో మరణించిన వాంగ్ జెంగ్‌నాన్ అను యోధునకు ఆయన వ్రాసిన సమాధిలేఖనమున ఈ మాట యున్నది. ఆంతరవిద్యకు మూలపురుషుడు జాంగ్ సాన్‌ఫెంగ్ అను సిద్ధుడట. కలలో దేవత కనబడి నేర్పగా, మఱునాడు ఒంటరిగా వందమంది దొంగలను చంపెనట. ఈ సిద్ధుడు సోంగ్ రాజుల కాలమువాడని ఈ లేఖనము, మింగ్ రాజుల కాలమువాడని ఇతరులు. నడుమ రెండువందల యేండ్లకు పైగా తేడా! అటుపై 1644లో మంచూలు చీనాను ఆక్రమించిరి. హువాంగ్ వారిని ఎదిరించినవాడు. పైనుండి వచ్చిన బౌద్ధమునకు ‘బాహ్యము’, స్వదేశీయమైన తావోమతమునకు ‘ఆంతరము’ అని పేరిడుటలో పరప్రభుత్వముపై కోపమే ధ్వనించుచున్నదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అది సబబుగనే యున్నది. ఊపిరినిగూర్చిన భేదముకంటె ఏలికలనుగూర్చిన బాధయే ఆ మాటలో ఎక్కువ.

నేడు లోకమంతట వ్యాపించిన తైచీ కూడ జాంగ్ సాన్‌ఫెంగ్ విద్యయే యని ప్రతీతి. 1930 ప్రాంతమున టాంగ్ హావ్ అను చరిత్రకారుడు కథలను ప్రక్కనబెట్టి, హెనాన్ రాష్ట్రములోని చెన్‌వారి గ్రామమునకు స్వయముగ పోయి, ఆ యింటివారి వంశావళిని తిరుగవేసినాడు. 17వ శతాబ్దిలో చెన్ వాంగ్‌టింగ్ అనువాడు దానికి రూపమిచ్చెనని తేల్చినాడు. ఆ గ్రామముననే నేర్చిన యాంగ్ లూచాన్ (1799–1872) ఆ విద్యను రాజధానికి తెచ్చెను. కలలో దేవత ఇచ్చిన విద్య పల్లెటూరి రైతుకుటుంబపు విద్యగ తేలుట వస్తాదులు పలువురకు రుచింపలేదు. చెన్‌వంశమునకు ముందు ఏమున్నదను వివాదము నేటికిని తీఱలేదు. 2020 డిసెంబరులో యునెస్కో సంస్థ తైచీని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఇక మన గరిడీ సంగతి. మనవద్ద మల్లవిద్య ప్రాచీనమనుటకు బోధిధర్ముని సాయము అక్కఱలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్, కృష్ణదేవరాయలు తెల్లవాఱకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, ఆ నూనె అంతయు చెమటయై పోవువఱకు శ్రమించి, ఆపై ఒక జెట్టితో కుస్తీ పట్టెడివాడని వ్రాసినాడు. ఇట్టి సాక్ష్యము ఒకటి పది కల్పనల పెట్టు. అయితే కుస్తీ, వస్తాదు, పహిల్వాను, తాలింఖానా - ఈ మాటలన్నియు పారసీకమునుండియు, అరబ్బీనుండియు వచ్చినవి. మన గోదాలోనే పరదేశపు మాట ఇంతగా కలిసియుండగా, చీనావారి గోదా అంతయు మనదేయనుట న్యాయమగునా? డొంకూరునకు ఉత్తరమున కొలది దూరములోనే ఒడిస్సా పొలిమేర. అక్కడ పైకుల అఖాడాలున్నవి. 1936 వఱకు ఇచ్ఛాపురము గంజాం జిల్లాలోనిదే. కర్రసాము ఆ పొలిమేరరాళ్లను చూచి ఆగియుండదు.

ఆంతరశక్తి యన్నంతనే మనవారికి స్ఫురించు పేరు కోడి రామమూర్తిగారిది. 1882లో వీరఘట్టమున జన్మించిన ఆయన (ఆ యూరు 2022నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది) విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగ పనిచేసి, సర్కసు నడపి, ఱొమ్మున ఇనుపగొలుసులు తెంచి, ఏనుగును ఎక్కించుకొని ‘కలియుగభీము’డనిపించుకొనిరి. కండబలముకంటె ప్రాణాయామమే తన శక్తికి మూలమని ఆయన చెప్పెడివారని ప్రతీతి. ఆయన 1942లో కీర్తిశేషులైరి. శ్రీకాకుళపు క్రీడాప్రాంగణము ఆయన పేర నున్నది. చీనాసిద్ధుడు కలలో నేర్చినదానికంటె వీరఘట్టపు మనిషి మేల్కొనియుండి సాధించినది మనకు దగ్గఱది. దానిని గూర్చియైనను మనము కథలే చెప్పుకొనుచున్నాము.

టాంగ్ హావ్ చెన్‌గ్రామమునకు పోయినప్పుడు అక్కడ ఒక వంశావళి వ్రాయబడి యుండుటచే పని సాగినది. ఉద్దానపు ఊళ్లలో ఏ వీధిగరిడీకి ఎవరు వస్తాదో, ఆయన ఎవరివద్ద నేర్చెనో, ఏ దెబ్బకు ఏమి పేరో, ఏ పండుగకు కర్రలు బయటికి తీసెదరో వ్రాసియుంచుటకు గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకము చాలును. పేర్లు చెప్పగల వృద్ధులయొద్దకు పుస్తకమును తీసికొనిపోవలెను. వారు చెప్పిన తేదీని, చెప్పినవారి పేరును అందు వేయవలెను.