స్తూపం, చెరువు, ధాన్యం: అనురాధపుర విహారాలు – గొలుసుకట్టు సేద్యం

శ్రీలంకలోని అనురాధపుర ప్రాంతానికి నేడు రెండు అంతర్జాతీయ గుర్తింపులు ఉన్నాయి. 1982లో యునెస్కో అనురాధపుర పవిత్ర నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. శ్రీ మహాబోధి వృక్షం, రువన్వెలిసాయ, అభయగిరి, జేతవన స్తూపాలు ఆ గుర్తింపుకు ఆధారాలు. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ దీవి పొడి మండలంలోని గొలుసుకట్టు చెరువుల గ్రామ వ్యవస్థను ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా ప్రకటించింది. మొదటి జాబితాను పురావస్తు శాస్త్రజ్ఞులు, రెండవ జాబితాను వ్యవసాయ శాస్త్రజ్ఞులు చదువుతున్నారు. ఆ నేలపై దొరికిన శాసనాలు మాత్రం ఈ విభజనను ఎరుగవు. వాటిలో సంఘమూ, చెరువూ, ధాన్యమూ ఒకే వాక్యంలో వస్తాయి. విహారాన్ని, దానిని పోషించిన సేద్యాన్ని వేరుచేసి చూడడం వల్ల రెండింటికీ కలుగుతున్న నష్టాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నేల స్వభావం తెలుసుకోవాలి. శ్రీలంక ఉత్తర, తూర్పు భాగాలను పొడి మండలం అంటారు. అక్కడి వానలో అధిక భాగం అక్టోబరు నుండి జనవరి వరకు, ఈశాన్య రుతుపవన కాలంలో కురుస్తుంది. తరువాత దీర్ఘమైన ఎండకాలం. నేల అడుగున గట్టి రాయి ఉండడం వల్ల భూగర్భంలో నిలిచే నీరు తక్కువ. కాబట్టి కురిసిన వానను నేలపైనే ఆపుకోవాలి. అక్కడి భూమి అలలు అలలుగా, చిన్న చిన్న లోయలుగా ఉంటుంది. ప్రతి లోయలోనూ పైనుండి కిందికి వరుసగా చెరువులు కట్టారు. ఎగువ చెరువు అలుగు నీరు, దాని ఆయకట్టు నుండి దిగిన మురుగు నీరు దిగువ చెరువుకు చేరుతాయి. ఒకసారి పడిన వాన ఈ విధంగా పలుమార్లు పంటకు ఉపయోగపడుతుంది. 1985లో సి. ఎం. మద్దుమ బండార ఈ అమరికను ఒక సమగ్ర వ్యవస్థగా వివరించిన తరువాత పరిశోధకుల దృష్టి ఒంటరి చెరువు నుండి చెరువుల వరుస వైపు మళ్ళింది. గొలుసుకట్టు చెరువులన్న మాట తెలుగు పాఠకులకు కొత్త కాదు.

ఈ సేద్యానికి మూడు అంచెలున్నాయి. చెరువు కింది మాగాణిలో వరి పండిస్తారు. వానకాలపు పంటను ‘మహ’ అనీ, నీరు మిగిలిన ఏడు వేసే రెండవ పంటను ‘యల’ అనీ అంటారు. చుట్టూ ఉన్న మెట్ట అడవిలో ‘హేన’ అనే పోడు సేద్యం చేసి రాగి, నువ్వులు, పెసలు వంటివి పండిస్తారు. ఇళ్ళ పెరడులో కొబ్బరి, పనస, మామిడి ఉంటాయి. చెరువు నిండని ఏడు వరి పోయినా రాగి మిగులుతుంది; రెండూ దెబ్బతిన్నప్పుడు పెరటి చెట్టు కొంత ఆదుకుంటుంది. ఉష్ణమండలపు రైతు ఒక్క పంటను నమ్ముకోకుండా ఆపదను మూడు చోట్ల పంచుకున్న పద్ధతి ఇది.

చెరువు అంటే గట్టు, తూము, అలుగు మాత్రమే అనుకుంటే ఈ వ్యవస్థ అర్థం కాదు. నీటి ఎగువ అంచున ‘గస్‌గొమ్మన’ అనే చెట్ల వరుస గాలి వేగాన్ని తగ్గించి నీరు ఆవిరి కాకుండా కొంత కాపాడుతుంది. దానికి ఆనుకొని ఉన్న ‘పెరహన’ అనే గడ్డి పట్టీ వరద తెచ్చే మట్టిని వడగడుతుంది. ఇంకా పైన అడవిలో ‘కులు వెవ’ అనే చిన్న చెరువు ఉంటుంది. దాని కింద ఆయకట్టు లేదు. పూడికను ఆపడం, అడవి జంతువులకు నీరివ్వడం దాని పని. గట్టుకూ పొలానికీ నడుమ ‘కట్టకడువ’ అనే దట్టమైన చెట్ల, పొదల పట్టీ ఉంటుంది. గట్టు గుండా ఊరే నీటిలోని లవణాలు వరి మడిలోకి చేరకుండా అది అడ్డుకుంటుంది. చెరువు పరిసరాలలో పెరిగే చెట్లలో మనం తెల్లమద్ది, ఇప్ప అని పిలిచేవి కూడా ఉన్నాయి. పెద్ద చెరువుల విషయంలో ఇంజనీరింగు నైపుణ్యం మరింత స్పష్టం. తూము గుండా దూసుకువచ్చే నీటి ఒత్తిడిని అదుపు చేయడానికి గట్టులో కట్టిన ‘బిసోకొటువ’ అనే చతురస్రపు బావిని హెన్రీ పార్కర్ 1909లో వెలువడిన తన గ్రంథంలో వర్ణించాడు. 5వ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన కలావెవ నుండి అనురాధపురంలోని తిస్సవెవకు నీటిని తెచ్చే జయగంగ కాలువ పొడవు సుమారు 87 కిలోమీటర్లు.

ఈ సేద్యంతో సంఘానికి గల సంబంధం అతి ప్రాచీనమైన బ్రాహ్మీ శాసనాల నుండే కనిపిస్తుంది. గుహలను, చెరువులను, చెరువు ఆదాయాన్ని సంఘానికి అర్పించిన దానపత్రాలవి. వాటిలో ‘దకపతి’ అనే మాట తరచు వస్తుంది. ‘దక’ అంటే ఉదకం. చెరువు నీటిని వాడుకున్నందుకు చెరువు యజమానికి చెందే వాటా అది. దాత చాలాసార్లు భూమికి బదులు ఈ వాటాను సంఘానికి ఇచ్చాడు. ఆ దానం ఫలించాలంటే చెరువు ఏటా నిండాలి, గట్టు తెగకుండా ఉండాలి, రైతు పంట తీయాలి. విహారపు భిక్షాపాత్ర గ్రామపు పంటతో ముడిపడింది.

4వ శతాబ్దపు ఆరంభంలో, సిరిమేఘవణ్ణుని పాలనలో వేయించిన తోణిగల శాసనం ఈ బంధాన్ని మరింత వివరంగా చూపుతుంది. ఒక దాత వరి ధాన్యాన్ని, మినుములను, చిక్కుడు జాతి గింజలను ఒక వర్తక శ్రేణి వద్ద నిలువ ఉంచాడు. అసలు తరగకూడదు, వడ్డీగా వచ్చే ధాన్యంతో వర్షావాస కాలంలో భిక్షువులకు ఆహారం సమకూర్చాలి. ఆ శాసనం మూడు కోతలను వేర్వేరు పేర్లతో పేర్కొంటుంది. ఒక మతదానం గురించిన ఈ శిలాఫలకం ఆనాటి పంటల రకాలకు, పంట కాలాలకు, ధాన్యపు అప్పు పద్ధతికి కూడా సాక్ష్యమిస్తున్నది. బౌద్ధ చరిత్రకారుడు దానిని దానశాసనంగా చదివి అక్కడితో ఆగిపోతే అందులో సగమే చదివినట్లు.

ఇక్కడ వినయం తెలిసిన పాఠకులకు ఒక సందేహం కలుగుతుంది. నేల తవ్వడం, మొక్కలను నాశనం చేయడం భిక్షువులకు పాచిత్తియ దోషాలు. అటువంటి సంఘం చెరువులకు, పొలాలకు ఎలా సంబంధించింది? 5వ శతాబ్దంలో అనురాధపురంలోనే బుద్ధఘోషుడు రచించిన సమంతపాసాదిక ఈ ప్రశ్నను ఎదుర్కొంటుంది. చెరువును చెరువుగా స్వీకరించడం తగదనీ, భిక్షువుల చతుర్విధ పరిష్కారాల కొరకు అని దాత తగిన మాటలతో అర్పిస్తే స్వీకరించవచ్చుననీ ఆ వ్యాఖ్యానం వివేచిస్తుంది. సేద్యం పనిని కప్పియకారకులు, ఆరామికులు చూసేవారు. ఇది మాటల గారడీ అని కొట్టివేయడం తొందరపాటు. ఆస్తిగా కాక అవసరానికి సరిపడే వాటాగా చెరువును చూడమని ఆ నియమం సంఘాన్ని నిర్బంధించింది. నీటికి యజమాని ఎవరన్న ప్రశ్న కంటే ఆ నీరు ఎందుకన్న ప్రశ్నను అది ముందు నిలిపింది.

అవసరమున్న చోట లెక్క కూడా ఉండాలి. 10వ శతాబ్దంలో నాలుగవ మహిందుడు మిహింతలేలో నిలిపిన రెండు శిలాఫలకాలు విహార నిర్వహణకు నియమావళి వంటివి. ఏ సేవకునికి ఎంత ధాన్యం, ఎంత భూమి అన్నది అందులో ఉంది. రోజువారీ ఖర్చు రాయాలనీ, ఏడాది చివర లెక్కలను భిక్షువుల సభ ముందు ఉంచాలనీ అందులో ఆదేశించారు.

ఈ ఆధారాలు ఒక పెద్ద చర్చకు కూడా తోడ్పడ్డాయి. భారీ నీటిపారుదల ఉన్న చోట నిరంకుశ ప్రభుత్వం తప్పదని 1957లో విట్‌ఫోగెల్ వాదించాడు. శ్రీలంక అనుభవం దీనికి సరిపోదని 1959లో ఎడ్మండ్ లీచ్ చూపాడు. 1979లో వెలువడిన తన గ్రంథంలో ఆర్. ఎ. ఎల్. హెచ్. గుణవర్ధన విహారాల ఆస్తిని, వాటి నిర్వహణను శాసనాల ఆధారంగా విశ్లేషించాడు. 2005 నుండి రాబిన్ కానింగమ్ బృందం మల్వతు ఓయ పరీవాహక ప్రాంతంలో జరిపిన సర్వేలో అనురాధపురం చుట్టూ ఉపనగరాలు దాదాపు కనిపించలేదు. పట్టణాలు చేయవలసిన ఆర్థిక, పరిపాలనా విధులను విహారాలు నిర్వహించాయన్న అభిప్రాయానికి ఆ బృందం వచ్చింది.

కరువు వచ్చినప్పుడే పంపకపు నీతి తేలుతుంది. చెరువులో నీరు సగమే ఉన్న ఏడు గ్రామస్థులు ‘బెత్మ’ పాటిస్తారు. గట్టుకు దగ్గరగా, నీరు అందే భాగాన్ని మాత్రమే ఆ ఏటికి సాగుచేసి, ఆ నేలను ఆయకట్టుదారులందరూ తమ హక్కుల నిష్పత్తిలో పంచుకుంటారు. తూము దగ్గరి పొలం నాదే కదా అని ఒకడు పండించుకొని, చివరి మడివాడు ఎండిపోవడం ఉండదు. 1961లో ప్రచురితమైన పుల్ ఎలియ గ్రామ అధ్యయనంలో లీచ్ ఈ వాటాల అమరికను సూక్ష్మంగా నమోదు చేశాడు.

ఈ వ్యవస్థకు గట్టి దెబ్బ 1832లో తగిలింది. కోల్‌బ్రూక్ సంస్కరణలలో భాగంగా బ్రిటిష్ ప్రభుత్వం ‘రాజకారియ’ అనే నిర్బంధ సేవను రద్దు చేసింది. వెట్టి తొలగడం న్యాయమే. కాని చెరువు గట్టుకు ఏటా మట్టి వేసే ఉమ్మడి బాధ్యతకు ఉన్న బలం కూడా దానితోపాటే పోయింది. చెరువులు పూడాయి, గట్లు తెగాయి. ఆ లోటు పూరించడానికి 1856లో గవర్నర్ హెన్రీ వార్డ్ కాలంలో గ్రామాచారాలను పునరుద్ధరించే చట్టం చేయవలసివచ్చింది. నీటి వ్యవస్థలో రాతికట్టడం కంటే ముందు శిథిలమయ్యేది కట్టుబాటు అని ఆ పాతికేళ్ళు రుజువు చేశాయి.

నేటి పునరుద్ధరణలో మరో లోపం ఉంది. గట్టు ఎత్తు పెంచితే నిలువ పెరుగుతుందని లెక్కవేస్తారు. అప్పుడు నీరు ఎగువకు పరచుకొని గస్‌గొమ్మన చెట్లు మునుగుతాయి, పెరహన పోతుంది, పూడిక నేరుగా చెరువులోకి వస్తుంది. కట్టకడువను ఖాళీ భూమిగా భావించి దున్నిన చోట లవణం మడిలోకి దిగుతుంది. పటంలో ‘చెరువు’ అన్న ఒక్క మాట రాసి, దాని అంగాలకు పేర్లు రాయకపోవడం ఈ పొరపాటుకు దారితీస్తున్నది.

భారతదేశంలోని బౌద్ధ క్షేత్రాలకూ ఇది వర్తిస్తుంది. సాంచి పరిసరాలలో జూలియా షా జరిపిన సర్వేలో పలు ప్రాచీన ఆనకట్టలు గుర్తించబడ్డాయి. విహారాల విస్తరణకూ ఆ నీటి వనరులకూ సంబంధం ఉందని ఆమె ప్రతిపాదించింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరపు శాసనంలో ఉపాసిక బోధిసిరి తన దానాలను వరుసగా చెప్పుకుంది. సింహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం ఉన్న ఆ జాబితాలోనే పూర్వశైలలో ఒక తటాకం కూడా ఉంది. సింహళ విహారాన్ని గురించి మన చరిత్ర గ్రంథాలు విరివిగా రాశాయి. ఆ తటాకం మీద పడిన దృష్టి స్వల్పం. చివరకు ఆ లోయ మొత్తం ఒక నీటిపారుదల జలాశయంలో మునిగిపోయింది. నీటికీ విహారానికీ ఒకరికొకరు శత్రువులన్న భావన మనలో నాటుకోవడానికి ఆ ఘటన కొంత కారణం కావచ్చు. బోధిసిరి మాత్రం ఆ రెండింటినీ ఒకే పుణ్యంగా లెక్కించింది.

అందువల్ల ఒక విహార క్షేత్రాన్ని నమోదు చేసేటప్పుడు స్తూపం, చైత్యం, విహారంతో పాటు నాలుగు అంశాలు రాయడం అవసరం: దానికి సంబంధించిన చెరువు, ఆ చెరువు ఏ గొలుసులో ఎన్నవది అన్నది, ఎగువ చెట్ల పట్టీ, దిగువ కట్టకడువ వంటి అంగాలకు స్థానికులు పిలిచే పేర్లు, శాసనాలలో వచ్చే పంటలు, కోతలు, వాటాలు, కరువు ఏట నీటిని పంచుకునే ఆచారం. ఈ పని పురావస్తు శాస్త్రజ్ఞుల వల్ల మాత్రమే కాదు. విహార భూములున్న చోట నేటికీ రైతులతో నిత్యం మాట్లాడే భిక్షువులు, ఆ పేర్లు తెలిసిన చివరి తరం వృద్ధుల నుండి వాటిని సేకరించగలరు. స్తూపపు ఇటుక మరో వంద సంవత్సరాల తరువాత కూడా కొలతకు దొరుకుతుంది. చెరువు అంగాల పేర్లు, వాటి వెనుక ఉన్న పంపకపు నీతి అంతకాలం ఆగవు.